మార్జిన్ ఉన్న పెద్ద అక్షరాల తెలుగు బైబిల్: ఏడాదిన్నర వాడాక చెప్తున్నా

అందరికీ వందనాలండీ. ఈ బైబిల్ 2024 డిసెంబర్ నెలాఖర్లో ఒంగోల్లో కొన్నా. కొన్న వారానికే రాద్దామనుకున్నా గానీ బైబిల్ మంచిదో కాదో వారంలో ఏం తెలిసిద్ది, అందుకే ఆగా. ఇప్పటికి ఏడాదిన్నర అయింది, తెల్లారుజామున రోజుకో అధ్యాయం లెక్కన చదువుకుంటా కీర్తనల్లోకి వచ్చా, మధ్యలో ఒకసారి కుట్టు ఊడితే మళ్ళీ కుట్టించా, నాలుగు పెన్సిళ్ళు అయిపోయినయ్, కాబట్టి ఇప్పుడు చెప్తే న్యాయంగా ఉంటదని రాస్తున్నా.

వేసినోళ్ళ పేరు రాయడం లేదు. ఇట్టాంటి మార్జిన్ బైబిళ్ళు ఒకళ్ళు కాదు, ఇంకొకళ్ళు కూడా వేస్తన్నారు, ఒక్కో అచ్చుకి కాగితం మారిద్ది, అట్ట మారిద్ది, పేరు పట్టుకుని పోతే మీ చేతికి నేను చెప్పింది కాకుండా వేరేది రావచ్చు. చేతిలోకి తీసుకున్నప్పుడు ఏమేం చూసుకోవాలో చెప్తా, అదే ఎక్కువ పనికొచ్చిద్ది.

అసలు కొనింది మా అమ్మ కోసం. మాది మద్దిపాడు పక్కన పల్లె. అమ్మకి డెబ్బై దాటినయ్, చదివింది మూడో తరగతి, ఆ మూడో తరగతి చదువు ఇన్నేళ్ళు మర్చిపోకుండా నిలబడిందంటే రోజూ వాక్యం చదువుకోబట్టే. కంటి ఆపరేషన్ అయ్యాక పాత బైబిల్లో అక్షరాలు అలుక్కుపోయి కనపడతన్నాయ్ అనేది. తెలుగు అచ్చుతో ఇదొక కష్టం, పైన గుడి, కింద వత్తు, పక్కన ఇంకో వత్తు, పై లైను వత్తులు కింద లైను తలకట్లకి తగులుతా ఉంటయ్, ఇదంతా ఉల్లిపొర లాంటి కాగితం మీద చిన్న అచ్చులో ఇరికిస్తే వెనక పేజీ అక్షరాలు కూడా ఇటు కనపడతా పెద్దోళ్ళకి చదవడం నరకం. అందుకని మీరు కొనేటప్పుడు ఆదికాండం మొదటి పేజీ చూసి కొనొద్దు, అది అందరూ బాగానే వేస్తారు. సంఖ్యాకాండం ఏడో అధ్యాయం లాంటి పొడుగు అధ్యాయం తియ్యండి, 89 వచనాలు ఉంటయ్, ఆ పేజీ కిటికీ దగ్గర నిలబడి చదవండి, లైన్ల మధ్య ఎడం ఉందా లేదా, వెనక అచ్చు కనపడతందా లేదా అక్కడ తేలిపోయిద్ది.

నా సంగతికొస్తే నేను అప్పటిదాకా ఫోన్లోనే చదివేవాణ్ణి. యాప్‌లో ఏడాదిలో బైబిల్ మొత్తం అయిపోయే ప్లాన్ పెట్టుకున్నా, ఒకసారి కాదు మూడుసార్లు. 1189 అధ్యాయాలు, 365 రోజులు, రోజుకి మూడు పైచిలుకు పడతయ్. లెక్క బాగానే ఉంటది. కానీ ఆ లెక్కలో జనవరి నెలాఖరుకి నిర్గమకాండం అయిపోయి ఫిబ్రవరి మొదట్లో లేవీయకాండం మధ్యలోకి వస్తాం, మేం పొగాకు పండిస్తాం, మాకు అది బ్యారన్, అంటే ఆకుని వేడితో ఆరబెట్టే కొట్టం, మండే కాలం. పొగాకు పండించేవాళ్ళకి తెలుసు, పగలు ఆకు కొట్టుకురావడం, అల్లించడం, బ్యారన్‌కి ఎక్కించడం, రాత్రంతా వేడి చూసుకుంటా కూర్చోవడం, ఒక్క రాత్రి ఏమారితే ఆకంతా నల్లబడిద్ది. ఆ నిద్రమత్తులో బలుల గురించి, కుష్ఠు పొడల గురించి మూడు అధ్యాయాలు వేలితో పైకి తోసుకుంటా పోయి టిక్కు కొట్టేవాణ్ణి, టిక్కు పడితే చదివినట్టే అనిపించేది. ఏం చదివావయ్యా అని మా ఆవిడ అడిగితే చెప్పడానికి ఒక్క మాట ఉండేది కాదు. మూడేళ్ళు అట్టానే జరిగింది, ప్రతి ఫిబ్రవరిలో అక్కడే.

యాప్ చెడ్డదని చెప్పడం లేదు. చదవడం రానోళ్ళకి ఆడియో వినిపించడానికి, ఫలానా మాట ఏ గ్రంథంలో ఉందో వెతకడానికి ఇప్పటికీ వాడతన్నా. రోజూ చదవడానికి మాత్రం నాకు కుదరలా.

షాపు గురించి రెండు మాటలు. ఒంగోల్లో బైబిళ్ళు, పాటల పుస్తకాలు, కేలండర్లు అమ్మే చిన్న షాపు. కొనేదాకా తొందరపెట్టలా, అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి నాలుగు రకాలు ముందు పెట్టి మీరే చదివి చూసుకోండమ్మా అన్నాడాయన. అమ్మ నాలుగింట్లో కీర్తన 23 చదివింది, కంఠతా వచ్చిందే కదా అది కాదు వేరేది చదువమ్మా అన్నా, అప్పుడు నెహెమ్యా తీసి కూడబలుక్కుంటా చదివి ఇది అని చెయ్యి పెట్టింది. అదే ఈ మార్జిన్ బైబిల్. ధర తొమ్మిదొందల యాభై తీసుకున్నారు, జిప్పు కవరుతో. మామూలు బైబిల్‌కి ఇది రెండింతల పైనే, నేను కాస్త వెనకాడా, అమ్మే పైట కొంగులో ముడేసుకున్న డబ్బులు తీసింది.

ఇప్పుడు సరుకు గురించి. అక్షరం పెద్దది, రెండు వరసలు, ప్రతి పేజీకి బయటి పక్క రెండు వేళ్ళ వెడల్పు ఖాళీ, అందులో సన్నటి గీతలు. యేసు ప్రభువు మాటలు ఎర్ర అక్షరాల్లో ఉంటయ్. రెండు వరసల మధ్య సన్నగా రిఫరెన్సులు, అంటే ఈ వచనం లాంటి మాట ఇంకెక్కడుందో చూపించేవి. పేజీల అంచుకి గ్రంథాల పేర్లతో గోటి గుర్తులు కోసి ఉన్నాయ్, అమ్మ వాటిని పట్టుకునే గ్రంథం తీసిద్ది. బరువు మాత్రం ఎక్కువ, కిలోన్నర దగ్గర ఉంటది, ఒళ్ళో పెట్టుకుని చదవడం పెద్దోళ్ళకి కష్టం, మేం చెక్క పీట ఒకటి చేయించాం. ఆదివారం మందిరానికి మోసుకుపోయే బైబిల్ కాదిది, బండి మీద వాన పడితే కాగితం ఉబ్బిద్ది, ఇంట్లో పెట్టుకునేదే.

రాయడానికి పెన్సిలే వాడండి. జెల్ పెన్ను పెట్టా మొదటి రోజు, ఆదికాండం ఒకటో అధ్యాయం పక్కన రాసింది వెనక రెండో అధ్యాయంలోకి దిగింది, ఇప్పటికీ ఉంది ఆ మరక. బాల్ పెన్ను దిగదు గానీ గట్టిగా రాస్తే కింది నాలుగు పేజీలకి గాడి పడిద్ది. రంగు హైలైటర్ అసలొద్దు. మామూలు స్కూలు పెన్సిల్, మరీ మొన తేలకుండా, తేలిగ్గా రాసుకుంటే ఏళ్ళ తరబడి ఉంటది.

ఇక అసలు సంగతి, ఈ ఖాళీ మార్జిన్ నన్ను ఏం చేసిందో చెప్పాలి, నేను ఇంత రాయడానికి కారణం అదే. ఖాళీ జాగా కనపడేసరికి ఏదో ఒకటి రాయాలి అనిపించిద్ది, మొదట్లో వాక్యం అర్థం రాసేవాణ్ణి, అయ్యగారు ప్రసంగంలో చెప్పిన పాయింట్లు రాసేవాణ్ణి. పది రోజులకి అది మానేసి ఒకటే నియమం పెట్టుకున్నా, రోజుకి ఒక్క అధ్యాయమే, దాంట్లోంచి ఇయ్యాల నేను చెయ్యాల్సిన పని ఒకటి ఉంటే తేదీ వేసి ఒక్క లైను రాయాలి, లేకపోతే తేదీ ఒక్కటే. 'వాక్యప్రకారము ప్రవర్తించువారునైయుండుడి' అని యాకోబు పత్రికలో ఉంది కదా, వినేవాళ్ళుగా మాత్రమే ఉండి మిమ్మల్ని మీరు మోసం చేసుకోవద్దని, ఆ టిక్కుల మూడేళ్ళు నేను చేసుకుంది అచ్చం అదే మోసం.

రోజుకొకటి అంటే మొత్తం అవడానికి మూడేళ్ళ మూడు నెలలు పట్టిద్ది. పట్టనీయండి. దీంట్లో ఒక మంచి లెక్క కూడా ఉంది, జనవరి ఒకటిన మొదలుపెడితే ఆదికాండం 50, నిర్గమకాండం 40 కలిపి 90 అధ్యాయాలు, లీపు సంవత్సరం కాకపోతే సరిగ్గా మార్చి 31కి అయిపోతయ్, ఏప్రిల్ ఒకటిన లేవీయకాండం ఒకటి, అక్కడినుంచి 27 దాకా తేదీ ఎంతో అధ్యాయం అంతే. తప్పిపోయినా ఎక్కడున్నామో ఇట్టే తెలిసిద్ది. మొదట్నుంచి కాకుండా అన్ని పక్కలా చదవాలనుకునేవాళ్ళకి స్కాట్లాండ్ పాస్టర్ రాబర్ట్ మెక్‌షేన్ 1842లో తన సంఘం కోసం తయారుచేసిన పట్టిక ఒకటుంది, రోజుకి నాలుగు చోట్ల నాలుగు అధ్యాయాలు, ఏడాదిలో పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండేసి సార్లు అయిపోతయ్. జనవరి ఒకటిన ఆదికాండం, మత్తయి, ఎజ్రా, అపొస్తలుల కార్యములు నాలుగూ మొదటి అధ్యాయాలే. తీరిక ఉన్నోళ్ళకి చాలా మంచిది. పొలం పని చేసుకునే నాలాంటోడికి నాలుగు అంటే మళ్ళీ ఆ టిక్కుల కథే అయిద్దని నేను పోలా.

2025 ఏప్రిల్ 19, శనివారం, గుడ్‌ఫ్రైడేకి ఈస్టర్‌కి మధ్య రోజు. లేవీయకాండం 19. అప్పటికి నేనూ అమ్మా కలిసే చదవతన్నాం, ఒక రోజు నేను, ఒక రోజు అమ్మ బయటికి చదివిద్ది. ఆ రోజు అమ్మ వంతు. వేలు పెట్టుకుని చదువుకుంటా పదమూడో వచనానికి వచ్చింది. 'కూలివాని కూలి మరునాటి వరకు నీయొద్ద ఉంచుకొనకూడదు.' చదివి ఆగిపోయింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది, మళ్ళీ చదివింది.

పోయినేడు పొగాకు మార్కెట్ ఎట్టా ఉందో ఈ జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లా. మంచి ఆకు వరకు అడిగారు, కింద గ్రేడ్ ఆకు చూడకుండా పోయేవాళ్ళు, వేలానికి తీసుకుపోయిన బేళ్ళు, అంటే ఆకు కట్టలు, నోబిడ్ అయి, ఎవరూ పాడక, మళ్ళీ అదే ట్రాక్టర్లో ఇంటికి వచ్చేవి. నేను పొలం కౌలు, బ్యారన్ కౌలు. గ్రేడింగ్‌కి, అంటే ఆకు ఏరి రకాలుగా వేరు చెయ్యడానికి, ఆరుగురు ఆడాళ్ళు వస్తన్నారు, పదకొండు రోజుల కూలి బాకీ పెట్టా. బేళ్ళు అమ్ముడుపోయి డబ్బులు అకౌంట్లో పడితే ఇస్తా అన్నా, వాళ్ళూ సరే అన్నారు, మా వైపు ఇది ఎప్పట్నుంచో ఉన్న వాడుక, అందరూ చేసేదే, తప్పు అని ఒక్కసారి కూడా నాకు తట్టలా.

అమ్మ అప్పుడు చెప్పింది, నాకు అంతకు ముందు తెలియని సంగతి. నా చిన్నప్పుడు అమ్మ కూడా గ్రేడింగ్‌కి పోయేది, సీజన్ అయ్యాక ఇస్తామనేవాళ్ళంట, అప్పటిదాకా బియ్యం అప్పు తెచ్చుకుంటే కొట్టాయన రేటు ఎక్కువ వేసేవాడంట, కూలి చేతికొచ్చేసరికి సగం ఆ కొట్టుకే పోయేదంట. 'ఆ మాట అప్పుడెవరన్నా చదివుంటే బాగుండేది నాయనా' అంది. అంతే, నన్నేమీ అనలా, బైబిల్ మూసి పొయ్యి దగ్గరికి పోయింది.

నేను పీట ముందు కూర్చునే ఉన్నా. రిఫరెన్సుల వరసలో ఆ వచనం పక్కన ద్వితీయోపదేశకాండం 24:15 ఉంది, తీశా, ఏ రోజు కూలి ఆ రోజే, పొద్దు గూకకముందే ఇవ్వాలి, వాడు బీదవాడు, దానిమీదే ఆశ పెట్టుకుని ఉంటాడు అని. ఇంకోటి యాకోబు 5:4, చేను కోసినోళ్ళకి ఇవ్వకుండా బిగబట్టిన కూలి మొర పెడతందంట, ఆ కేక సైన్యాలకు అధిపతియైన ప్రభువు చెవుల్లో పడిందంట. మూడు చోట్ల మూడు కాలాల్లో ఒకటే మాట. యాప్‌లో మూడుసార్లు ఈ పేజీ దాటిపోయా కదా, నా వేలి కిందనుంచే పోయింది కదా ఈ మాట అని ఆ పొద్దున చాలా బాధపడ్డా.

మార్జిన్లో రాశా, '19-4-25. ఆరుగురు, పదకొండు రోజులు. పొద్దు గూకేలోపల ఎంత వీలైతే అంత.' మా ఆవిడ డ్వాక్రా పొదుపులోంచి కొంత తీసింది, మా బావమరిది దగ్గర చేబదులు తెచ్చా, సాయంత్రానికి ఒక్కొక్కళ్ళకి ఆరు రోజులది ఇవ్వగలిగా, మిగతా ఐదు రోజులది తీరేసరికి నెల పట్టింది. వాళ్ళలో పెద్దామె 'ఏంది అబ్బాయ్, బేళ్ళు పోయినయ్యా' అని అడిగింది. పోలా అక్కా అన్నా. మరి ఎందుకిస్తన్నావ్ అన్నట్టు చూసింది, నాకు నోట మాట రాలా, అమ్మ అరుగు మీదనుంచి 'పొద్దున వాక్యంలో వచ్చిందమ్మా' అంది. తెల్లారితే ఈస్టర్. ఎన్నో ఈస్టర్లు చేసుకున్నా గానీ ఆ రోజు మందిరంలో కూర్చున్నట్టు ఎప్పుడూ కూర్చోలా.

అప్పట్నుంచి ఏ రోజుది ఆ రోజే ఇస్తన్నా. ఫోన్ ఉన్నోళ్ళకి ఫోన్లో, లేనోళ్ళకి చేతికి. దానికోసం సీజన్ మొదట్లోనే కూలి డబ్బు విడిగా తీసి పెట్టుకోవాల్సి వచ్చింది, ఒక బ్యారన్ ఆకు తగ్గించా. తేలిక కాదు, తేలికని చెప్తే అబద్ధం అయిద్ది.

మా ఆకు వేలానికి పోయేది వెల్లంపల్లికే. ఆ ఊరి పేరు మా బాప్టిస్టు సంఘాలోళ్ళకి ఇంకో విధంగా తెలుసు, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకుంది అక్కడే. అందరూ ఆ అంకె చెప్తారు గానీ దాని ముందు జరిగింది చెప్పరు. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు, జనం తిండి లేక చచ్చిపోతంటే ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టుగా తీసుకున్నాడు, ఆయనకి సర్వే పని వచ్చు, కరువులో ఉన్నోళ్ళకి మట్టి పని ఇచ్చి కూలి ఇప్పించాడు. కరువు నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు, కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని. ముందు పని, కూలి, ఆ తర్వాతే నీళ్ళు. మా తాతల కాలం నుంచి మందిరంలో వింటానే ఉన్నా ఈ కథ, మరి అదే గుండ్లకమ్మ పక్కన బేళ్ళు అమ్ముకుంటా కూలి బాకీ పెట్టిన నాకు ఆ రెండూ కలిపి చూడటం ఎందుకు రాలేదో. ఇప్పుడు వేలం కేంద్రం గేటు దగ్గర ట్రాక్టర్ ఆపిన ప్రతిసారీ గుర్తొచ్చిద్ది.

భాష గురించి కూడా చెప్పాలి, కొనేముందు చాలామంది అడుగుతున్నారు. ఇది పాత అనువాదం, గ్రాంథికం. పిల్లలకి కష్టమే. పోయిన నెల 11వ తారీఖున మా పాప సామెతలు 11 చదవతంది, సామెతలు 31 అధ్యాయాలు కదా, తారీఖు లెక్కన రోజుకొకటి చదివిస్తన్నాం, 'దొంగత్రాసు యెహోవాకు హేయము సరియైన గుండు ఆయనకిష్టము' అని చదివి గుండు అంటే తల గుండా నాన్నా అంది. అమ్మ లోపల్నుంచి పాత తూకపు రాయి తెచ్చి చేతిలో పెట్టింది, ఇదమ్మా గుండంటే అని. లేవీయకాండంలో అదే 19వ అధ్యాయం చివర్లో న్యాయమైన తూములు, న్యాయమైన పడులు అని ఉంటది, తూము, పడి మా అమ్మ వడ్లు కొలిచిన మాటలు, అనువాదం చేసినోళ్ళు మన కొలతలే పెట్టారు. అందుకే పెద్దోళ్ళు ఇంట్లో ఉంటే పాత అనువాదమే కొనండి, వాళ్ళు చెప్తారు. ఒక్కళ్ళే చదువుకునే కుర్రాళ్ళయితే వాడుక భాషలో వచ్చినవి ఉన్నాయ్, అవి మొదలుపెట్టుకోవచ్చు, తప్పేం లేదు.

ఇంకో ఉపయోగం చెప్తా. కొత్త సంవత్సరం రాత్రి మందిరంలో వాగ్దానం కార్డులు, ఒక్కో వచనం రాసి ఉన్నవి, తీస్తాం కదా, నాకు ఈసారి యిర్మీయా 29:11 వచ్చింది, సగం ఇళ్ళలో కేలండర్ మీద ఉండే వచనమే, మీ గురించి నేను ఉద్దేశించినవి సమాధానకరమైనవే గానీ హానికరమైనవి కావు అని. నా వరసలో యిర్మీయా రావడానికి ఇంకా చాలా రోజులుంది, అయినా ఇంటికొచ్చి తీసి చూశా. అది బబులోనుకి చెరపట్టుకుపోయినోళ్ళకి యిర్మీయా రాసిన ఉత్తరం, దానిపై వచనంలోనే డెబ్బై ఏళ్ళు అని ఉంది. డెబ్బై ఏళ్ళు ఆగాలి! అప్పటిదాకా ఏం చెయ్యాలంటే ఐదో వచనం నుంచి ఉంది, ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థన చెయ్యండి అని. కార్డు మీద ఒక్క వచనం చూసి ఈ ఏడు నా బేళ్ళు మంచి రేటుకి పోతయ్ అనుకునేవాణ్ణి, ఇప్పుడు అట్టా అనుకోలా, వేప మొక్కలు నాలుగు నాటా గట్టు మీద. కార్డులు తీయడం తప్పనను, తీసినాక ఆ అధ్యాయం మొత్తం చదవండి అని మాత్రం మా సంఘంలో యూత్ పిల్లలకి చెప్తన్నా.

అన్నీ చేశానని కూడా అనుకోవద్దు. ఈ ఫిబ్రవరి 22న నెహెమ్యా ఐదో అధ్యాయం వచ్చింది, కరువులో పొలాలు తాకట్టు పెట్టుకున్నోళ్ళ దగ్గర సొంత జనమే వడ్డీ తీసుకుంటంటే నెహెమ్యాకి కోపమొచ్చి వాళ్ళ పొలాలు, వాళ్ళ దగ్గర తీసుకున్న నూరో భాగం తిరిగిచ్చేయండి అంటాడు. నేను మా వీధిలోనే ఒకాయనకి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చున్నా. ఆ మార్జిన్లో తేదీ వేశా, ఆయన పేరు మొదటి అక్షరం వేశా, ఆ పక్కన ఇంకా ఖాళీగానే ఉంది. ఇప్పటికి వడ్డీ అడగడం వరకు ఆపా. తీసుకున్నది వెనక్కి ఇవ్వడం కాలేదు. పేజీ తిప్పినప్పుడల్లా అది కనపడతానే ఉంటది, ఫోన్లో అయితే ఎప్పుడో కిందకి పోయేది.

పొగాకు పండించేవాడివి బైబిల్ గురించి రాస్తన్నావా అని అడిగేవాళ్ళు ఉంటారు. ఆ ప్రశ్న నాకూ ఉంది, ప్రార్థనలో పెట్టుకున్నా. ఈ ఏడు రెండెకరాలు శనగకి మార్చా, మొత్తం ఎప్పుడు మారతానో కౌలు అప్పు తీరేదాన్నిబట్టి ఉంది.

లోపాలు చెప్పకపోతే రివ్యూ ఎట్టా అయిద్ది. పెద్ద లోపం కుట్టు. ఏడాది తిరక్కుండానే కీర్తనల దగ్గర మధ్యలో విచ్చుకుంది, అమ్మ రోజూ అక్కడే తెరవడం వల్ల కావచ్చు, అయినా ఆ ధరకి ఇంకా గట్టిగా ఉండాల. కొనేటప్పుడు వెన్ను వైపు పైనుంచి చూడండి, కాగితాలు మడతలు మడతలుగా పెట్టి దారంతో కుట్టారా, లేక ఒట్టి జిగురుతో అంటించారా. నాది సగం సగం, కొన్ని మడతలకి దారం అందలా. ఒంగోల్లో స్కూలు రిజిస్టర్లు, లెక్కల పుస్తకాలు బైండింగ్ చేసే ముసలాయన ఒకరున్నారు, ఆయన దగ్గరికి తీసుకుపోతే మొత్తం విప్పి నూలు దారంతో కుట్టి వెన్నుకి గుడ్డ వేసి ఇచ్చారు, రెండొందల యాభై తీసుకున్నారు, నాలుగు రోజులు పట్టింది, ఇప్పుడు బల్ల మీద పెడితే ఎక్కడ తెరిచినా చక్కగా పరుచుకుని ఉంటది. కొత్తగా ఉన్నప్పటికన్నా ఇదే బాగుంది. విప్పినప్పుడు మార్జిన్ కోయొద్దండీ అని మాత్రం గట్టిగా చెప్పుకోండి, అంచులు సమానం చెయ్యడానికి మెషిన్‌లో పెట్టి కోసేస్తారు, రాసుకున్నది పోయిద్ది.

ఎర్ర అక్షరాలు కొన్ని పేజీల్లో పాలిపోయి ఉన్నాయ్, యోహాను సువార్త 14 నుంచి 17 దాకా దాదాపు అంతా ప్రభువు మాటలే కదా, బల్బు వెలుతురులో అమ్మ చదవలేకపోయింది, పగలు చదవాల్సి వచ్చిద్ది. రిఫరెన్సుల అంకెలు మరీ చిన్నవి, నాకే కష్టం. వెనక మ్యాపులు మసకగా ఉన్నాయ్. గుర్తు రిబ్బన్ ఒకటే ఇచ్చారు, నాకొకటి, అమ్మకొకటి, పాప సామెతలకొకటి కావాలి, పాప జడ రిబ్బన్లు రెండు కత్తిరించి పెట్టుకున్నాం. జిప్పు మూడో నెలలోనే పోయింది. దాని గురించి బాధలేదు, బైబిల్ మా ఇంట్లో మూసి ఉండేది తక్కువే.

ఇంట్లో పెద్దవాళ్ళుంటే, పీట వేసుకుని కలిసి చదివే అలవాటు ఉంటే, లేదా పెట్టుకుందాం అనుకుంటే ఇది కొనండి, కుట్టు చూసి కొనండి. ఎప్పుడూ బైబిల్ పట్టుకుని తిరిగే పని మీద ఉండేవాళ్ళకి వద్దు, బరువు. ఏడాదిలో మొత్తం పూర్తి చెయ్యాలి అనుకునేవాళ్ళకి దీంట్లో వేరే లాభం ఏం లేదు, మామూలుదే చాలు.

మొన్న ఆ గ్రేడింగ్‌కి వచ్చే పెద్దామె, పోయినేడు బేళ్ళు పోయినయ్యా అని అడిగిన ఆమే, అమ్మ దగ్గరికొచ్చి ఆ రోజు చదివింది ఎక్కడుందో చూపించు అని అడిగింది. ఆమెకి చదువు రాదు. అమ్మ లేవీయకాండం తీసి ఆమె వేలు పట్టుకుని ఆ వచనం మీద పెట్టి చదివి వినిపించింది, పక్కన నా పెన్సిల్ రాత కూడా చదివింది, ఆరుగురు, పదకొండు రోజులు అని. ఆమె మనవరాలు తొమ్మిది చదవతంది, దానికి ఒకటి కావాలంది. శనివారం ఒంగోలు పోయినప్పుడు ఆ షాపులో అడిగా, మార్జిన్‌ది అయిపోయింది, నెల పట్టిద్దన్నారు, మామూలుది తెచ్చా, కుట్టు గట్టిగా ఉన్నది చూసి. లోపల ఒక పెన్సిల్ పెట్టిచ్చా.